‘శివ’లో వెనక నిలబడినోని పేరేంది?

నేను మాదిగోణ్ణి. రొద్దం మండలంలో ఒక గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనే. సినిమా మీద వ్యాసం రాస్తానంటే మా సంఘం మిత్రుడొకాయన నవ్వినాడు. "ఏం సారూ, మన బతుకులు రాయమంటే సినిమాలు రాస్తానంటావే!" అన్నాడు. నేను ఆయనకు చెప్పిందొకటే. మన గేరిలోకి బడి కన్నా ముందు సినిమా వచ్చింది. మనిషంటే ఎవడు, మగోడంటే ఎవడు, ఎవని ముందు నిలబడల్ల, ఎవని వెనక నడవల్ల అనేది మన పిల్లోళ్లకు పాఠం కన్నా ముందు అదే నేర్పింది. అట్లాంటప్పుడు సినిమాను సినిమావాళ్లకే వదిలేస్తే ఎట్ల?

నేను రాయబోయేది రాంగోపాల్ వర్మ తీసిన ‘శివ’ గురించి. 1989 అక్టోబర్ 5న వచ్చిన సినిమా. నేనప్పటికి పుట్టలేదు. 2025 నవంబర్‌లో కొత్త హంగులతో మళ్లీ థియేటర్లకు తెచ్చినారు. బెంగుళూరులో బేల్దారి పని చేసే మా తమ్ముని దగ్గరికి పోయినప్పుడు ఇద్దరం కలిసి చూసినాం. తర్వాత ఇంటికొచ్చి సెల్లులో ఆపి ఆపి, నోటుబుక్కు పక్కన పెట్టుకోని ఇంకో రెండుసార్లు చూసినాను.

తెలుగు సినిమాను ‘శివ’కు ముందు, ‘శివ’ తర్వాత అని రెండు ముక్కలు చేసి చెప్తారు విమర్శకులు. ఆ మాటలో అబద్ధం లేదు. అంతకు ముందు ఫైటింగంటే హీరో గాల్లోకి లేచేవాడు, పదిమంది వరసగా వచ్చి తన్నులు తినిపోయేవాళ్లు. ‘శివ’లో దెబ్బకు ముందు నిశ్శబ్దం ఉంటాది. మనిషి నడుస్తాంటే స్టెడీకామ్ కెమెరా వాని వెంబడే నడుస్తాది. అడుగుల చప్పుడు, కారు తలుపు చప్పుడు వినపడతాయి. ఎప్పుడు పాట ఆపల్లో, ఎప్పుడు మౌనంగా ఉండల్లో ఇళయరాజాకు తెలుసు. రఘువరన్ చేసిన భవాని పాత్ర అరవదు, మీసం తిప్పదు. కూర్చోని చూస్తాది, అంతే.

ఇది నిజమైన భయం. మా ఊర్లో పెద్దాయనెవరూ గట్టిగా అరిచింది నేను చూడలేదు. రచ్చకట్ట మీద కూర్చోని, దావన పోయేవాణ్ణి పిలిచి, "నువ్వు ఫలానావాని కొడుకువి గదరా?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటకే మా నాయన రాత్రి బువ్వ తినకుండా పండుకున్న రోజులున్నాయి. భయం అరుపులో ఉండదు, ఎదురుచూడటంలో ఉంటాదని 27 ఏండ్ల వయసులో మొదటి సినిమాకే వర్మ పట్టుకున్నాడు. ఆ గొప్పతనాన్ని నేను తీసేయడం లేదు. నా ప్రశ్న వేరే. ఆ భయానికి ఇంటిపేరేంది? ఆ కుర్చీ ఎవరిది? ఆ కుర్చీ వెనక చేతులు కట్టుకోని నిలబడినోడు ఏ గేరి నుంచి వచ్చినాడు?

ఈ కాలం పిల్లోళ్ల కోసం కథ రెండు మాటల్లో చెప్తాను. శివ కాలేజీలో చేరతాడు. కాలేజీలో జేడీ అనే విద్యార్థి నాయకుని పెత్తనం. వాని వెనక భవాని, భవాని వెనక కోట శ్రీనివాసరావు వేసిన మాచిరాజు అనే రాజకీయ నాయకుడు. శివ సైకిలు చైను తెంపి జేడీని కొడతాడు. అక్కడ మొదలైన గొడవ చినికి చినికి పెద్దదై, స్నేహితుడు మల్లి చచ్చిపోతాడు, అన్న కూతురు చిన్నపాపను చంపుతారు, చివరికి భవాని పోతాడు.

నేను దీన్ని మొదటిసారి చూసింది ఎనిమిదో తరగతిలో. గంగమ్మ జాతరకు గేరిలో ఇంటికి ఇంత అని దుడ్లు వేసుకోని హిందూపురం నుంచి టీవీ, వీసీడీ ప్లేయరు బాడిగకు తెచ్చినారు. తెల్లారేలోపల మూడు సినిమాలు. మిగతా రెండూ ఏవో గుర్తులేదు. చైను తెంపే కాడ మాత్రం గేరి గేరంతా లేచి కేకలేసింది. మా అవ్వ ఒక్కతే, "ఆ సైకిలు యెవురిదిరా, పాపం!" అనింది. అందరూ నవ్వినారు. అప్పుడు మా గేరి మొత్తానికి ఉన్నవి రెండు సైకిళ్లు. చైను తెగితే మా నాయన కూలికి పోను పది కిలోమీటర్లు, రాను పది కిలోమీటర్లు నడవల్ల. సైకిలు చైను కొందరికి ఆయుధం, కొందరికి బువ్వ. సినిమా చూసేటప్పుడు ఏది ఎవరిది అని అడిగిన మొదటి విమర్శకురాలు నాకు తెలిసి మా అవ్వే.

ఇక 1989 సంగతికొద్దాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను వెంటాడి చంపినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి గోనెసంచుల్లో కుక్కినారు. ఈ రెంటి నడుమ 1988 డిసెంబర్ 26న, విజయవాడ నడిబొడ్డున నిరాహారదీక్షలో కూర్చున్న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్య జరిగింది. కోస్తా జిల్లాలు తగలబడినాయి. కులాల పేర్లు చెప్పుకోనే అంగళ్లు కాల్చినారు. అది జరిగి పది నెలలు తిరగకముందే ‘శివ’ వచ్చింది. విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు చూసిన రౌడీయిజమే ఈ సినిమాకు మూలమని వర్మ చాలాసార్లు చెప్పినాడు.

మరి తెర మీద ఏముంది? శివ, భవాని, జేడీ, మల్లి, గణేష్, నానాజీ. అన్నీ ఒంటి పేర్లు. వెనక తోకల్లేవు. ఆనాటి బెజవాడలో ఎవడు ఎవని మనిషో చిన్నపిల్లోనికి కూడా కులంతో సహా తెలుసు. సినిమా ఆ ఒక్కదాన్ని కడిగేసి మిగతా అంతా ఉన్నదున్నట్టు చూపించింది. రక్తం, చెమట, టీకొట్టు, కాలేజీ గోడ అన్నీ నిజమే. కులం మాత్రం లేదు. దీన్ని మన విమర్శకులు ‘వాస్తవికత’ అన్నారు. ఎవరి వాస్తవం ఇది? కులం కనపడకుండా బతకగలిగినోళ్ల వాస్తవం. మాకైతే స్కూల్లో పేరు రాయించుకునే రోజే, పేరు పక్కన గడిలో కులం రాయించుకుంటే తప్ప లోపలికి పోయే దావ లేదు.

కులం తీసేస్తే ఏమవుతాదో చూడండి. కాలేజీలో గొడవంటే అది మంచి పిల్లోనికి, చెడ్డ పిల్లోనికి నడుమ గొడవగా మారిపోతాది. ఆ పదేండ్లలోనే హాస్టళ్లలో మెస్సు బిల్లుల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం, కారంచేడు కోసం రోడ్డెక్కిన దళిత విద్యార్థులున్నారు. ‘శివ’ కాలేజీలో ఆ పిల్లోడు యాడా కనపడడు. విద్యార్థి రాజకీయమంటే రౌడీయిజమనే మాటను తెలుగు ప్రేక్షకుని తలలో గట్టిగా కూర్చోబెట్టిన సినిమాల్లో ఇదొకటి. ఇప్పటికీ మా ఊర్లో పిల్లోడు సంఘంలో చేరినాడంటే తల్లిదండ్రులు, "కాలేజీకి పోయి రౌడీ అయిపోతాండాడు" అని ఏడుస్తారు.

అన్నిటి కన్నా నన్ను కదిలించింది భవాని మనుషులు. మూడోసారి చూసేటప్పుడు నేను హీరోను వదిలేసి వాళ్లనే చూసినాను. కారులోంచి దిగేవాళ్లు, సందుల్లో పరిగెత్తేవాళ్లు, తన్నులు తినేవాళ్లు. శివకు ఇల్లుంది, అన్న, వదిన, పాప ఉన్నారు. భవానికి కుర్చీ ఉంది, మౌనం ఉంది, ఒక చరిత్ర ఉన్నట్టు తోస్తాది. ఈ వెనక నిలబడినోళ్లకు ఇల్లు చూపించరు. ఏంటికి ఈ పనికొచ్చినారో చెప్పరు. చచ్చిపోతే ఏడ్చేదానికి ఒక ఆడమనిషిని కూడా పెట్టరు.

ఇదే తర్వాతి సినిమాకు వారసత్వమై పోయింది. వర్మ దగ్గర పనిచేసినోళ్లు, ఆయన్ను చూసి నేర్చుకున్నోళ్లు తెలుగు సినిమాను ఏలినారు. ఆయనే తీసిన ‘గాయం’ 1993లో వచ్చింది. 1998లో హిందీలో ‘సత్య’ తీసినాడు. అందులో హీరో యాడ నుంచి వచ్చినాడో ఎవరికీ తెలీదు, వాని ఊరు పేరు ఎవరూ అడగరు. బొంబాయి నేరలోకానికి దారి చూపిన ఆ సినిమా రాసినవాళ్లలో ఒకడైన అనురాగ్ కశ్యప్ తర్వాత 2012లో ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ తీసినాడు. తెలుగులో పూరి జగన్నాథ్ తీసిన ‘పోకిరి’ 2006లో వచ్చింది. మాట తక్కువ, దెబ్బ ఎక్కువ అనే హీరో అట్ల స్థిరపడిపోయినాడు. వర్మ శిష్యుడే అయిన కృష్ణవంశీ 1998లో ‘అంతఃపురం’తో మా సీమకు వచ్చినాడు. పరాయి దేశం నుంచి వచ్చిన కోడలు సౌందర్య కంటితో ఫ్యాక్షన్ ఇంటిని చూపించినాడు. ఆ ఇంటి ఆడోళ్ల బాధ చెప్పినాడు, దానికి దండం పెడతాను. కానీ ఆమెను, ఆమె బిడ్డను దాటించేదానికి ప్రాణమిచ్చేది మళ్లీ ఒక చిల్లర మనిషే.

ఆ మరుసటి నెలన్నరకే, 1999 జనవరి 13న ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. ‘శివ’ కడిగేసిన కులం పదేండ్లకు తిరిగొచ్చింది. ఎట్ల వచ్చింది? మా మాదిరి కాదు, సినిమా పేరులో బిరుదు మాదిరి వచ్చింది. తర్వాత ‘నరసింహనాయుడు’, ‘చెన్నకేశవరెడ్డి’, ‘ఇంద్ర’లో ఇంద్రసేనారెడ్డి. 2017లో కాలేజీ హీరో మళ్లీ వచ్చినాడు, ఈసారి ఒంటి పేరుతో కాదు, ‘అర్జున్ రెడ్డి’గా. 2023లో ‘వీరసింహారెడ్డి’. 1989లో శివకు లేని తోక శివ వారసులందరికీ మొలిచింది. కులం కడిగేసిన వర్మే 2016లో ‘వంగవీటి’ అని పేరు పెట్టినాడు, 2019లో ‘కమ్మరాజ్యంలో కడప రెడ్లు’ అని పెట్టి విడుదలకు ముందు మార్చుకున్నాడు. అంటే కులం కనపడకపోవడమూ వాళ్ల చేతిలోనే ఉంది, కనపడటమూ వాళ్ల చేతిలోనే ఉంది. కులం సిగ్గయినప్పుడు దాచిపెట్టినారు, గర్వమైనప్పుడు పోస్టరు మీద వేసినారు.

‘సమరసింహారెడ్డి’లో ఒక సంగతి మన విమర్శకులెవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆ దొర తన వల్ల పోయిన పనివాని పేరు పెట్టుకోని, అబ్బులు అనే పేరుతో, వాని చెల్లెండ్లకు అన్నగా బతుకుతాడు. దొర మంచితనానికి ప్రేక్షకులు కంటతడి పెట్టినారు. నేనడిగేది, అసలు అబ్బులు ఏమైనాడు? వాని ప్రాణం పోయింది. వాని ఇల్లు పోయింది, వాని చెల్లెండ్లకు దొరే అన్నయినాడు. ఆఖరికి వాని పేరు కూడా దొరకే పోయింది. మా పనితనం, మా తప్పెట, మా పాట తీసుకున్నట్టే మా చావును కూడా తీసుకోని దాన్ని తన త్యాగం చేసుకునే కథ ఇది. ఆ అబ్బులుది ఏ కులమని నేను రాయడం లేదు. పనివాడు, అది చాలు. ఆ హీరోనే 2014 నుంచి మా పక్కనున్న హిందూపురానికి మూడుసార్లు వరసగా ఎమ్మెల్యేగా గెలిచినాడు. తెరకు, ఊరికి నడుమ మా కాడ గోడ ఎంత పల్చనో చెప్పేదానికి ఈ మాట.

ఆ గోడ ఎంత పల్చనో ఇంకో మాటలో చెప్తాను. 1997 నవంబర్ 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేలింది. అప్పటి పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి కోసం పెట్టిన బాంబది. తన తండ్రి శ్రీరాములు జీవితం మీద తీసే ‘శ్రీరాములయ్య’ సినిమా ప్రారంభానికి ఆయన వచ్చినాడు. ఆయన బతికినాడు. 26 మంది చనిపోయినారు, వాళ్లలో కెమెరా పట్టుకోని వార్త కోసం వచ్చిన ఈటీవీవాళ్లు కూడా ఉన్నారు. 2005 జనవరి 24న అనంతపురం పార్టీ ఆఫీసులో రవిని చంపినారు. ఆయన వెంట ఉన్నవాళ్లూ పోయినారు. 2010లో ఇదంతా వర్మ ‘రక్తచరిత్ర’గా రెండు భాగాలు తీసినాడు. ‘శివ’లో మొదలుపెట్టిన దెబ్బ, నిశ్శబ్దం, వెంటాడే కెమెరా మా గడ్డ మీదికే వచ్చినాయి. చూసినోళ్లందరికీ రవి తెలుసు, సూరి తెలుసు. ఆ 26 మందిలో ఒక్కని పేరు చెప్పమనండి. వెంట ఉండి పోయినోని పేరు చెప్పమనండి. చరిత్ర అని పేరు పెట్టుకున్న సినిమా కూడా వెనక నిలబడినోనికి చరిత్ర ఇవ్వలేదు.

నాకు ఒక వెనక నిలబడినోడు తెలుసు. నాకు చిన్నాయన వరస. ఒక పెద్దాయన జీపు వెనక పదేండ్లు తిరిగినాడు. ఏంటికి పోయినాడంటే, శెనక్కాయ పంట ఎండిపోయినప్పుడు అప్పు ఇచ్చిందెవరో వాళ్లే జీపు ఎక్కమన్నారు. ఒక కొట్లాటలో ఆయన పేరు కేసులోకెక్కింది. కొట్టమన్నోని పేరు ఎక్కలేదు. కొన్నేండ్లకు పెద్దోళ్లిద్దరూ రాజీ పడినారు, ఒకరింటి పెండ్లికి ఒకరు పోయినారు. మా చిన్నాయన మాత్రం వాయిదా వాయిదాకు పెనుకొండ కోర్టుకు బస్సెక్కతానే ఉన్నాడు. ఆ ఛార్జీల కోసం మా చిన్నమ్మ బెంగుళూరులో ఇండ్లలో పాచిపని చేసింది. రాజీ పత్రాల్లో ఈయన సంతకం లేదు, ఎందుకంటే ఈయనతో ఎవరికీ పగ లేదు. 2018లో ‘అరవింద సమేత’ వచ్చి కత్తులు దించండి అని చెప్పినప్పుడు నేను సంతోషించినాను. కానీ ఆ శాంతి కూడా రెండు పెద్దిండ్ల నడుమ శాంతే. మా చిన్నమ్మ దగ్గరికి ఏ శాంతీ రాలేదు.

ఇంకో దెబ్బ భాషది. ‘శివ’లో అందరూ కోస్తా చదువుకున్నోళ్ల భాష మాట్లాడతారు. మా సీమ మాట పెద్ద తెర మీద గట్టిగా వినపడింది ఫ్యాక్షన్ సినిమాలతోనే, అదీ విలన్ నోట్లోంచి. జయప్రకాష్ రెడ్డి గొప్ప నటుడు, మా యాసను అంత ప్రాణంతో పలికినోడు ఇంకొకడు లేడు. కానీ ఆయన నోట్లోకి పెట్టింది నరుకుడే. నేను టీచర్ ట్రైనింగుకు వేరే జిల్లాకు పోయినప్పుడు "యాడికి పోతాండావు" అంటే చాలు, "బాంబులు తెచ్చినావా?" అని నవ్వేవాళ్లు. రెండు నెలలకు నా కులం తెలిసింది. బాంబుల ఎగతాళి ఆగిపోయింది, పక్కన కూర్చోని తినడం కూడా ఆగిపోయింది. సీమోణ్ణంటే భయపడినట్టు నటించినారు, మాదిగోణ్ణంటే నటించాల్సిన పని లేకపోయింది. ఫ్యాక్షన్ సినిమా సీమకు వేసిన ముద్రలో దొర మీసమూ మాదిగోని వీపూ ఒకే బొమ్మలో కలిసిపోయినాయి. మీసం వాళ్లది, చెడ్డపేరు మాది కూడా.

మార్పు లేదని నేను అనను. 2020లో కరుణకుమార్ తీసిన ‘పలాస 1978’ చూడండి. షావుకార్ల కింద పనిచేసే దళిత అన్నదమ్ముల కథ. ఆ సినిమాలో వెనక నిలబడినోడు ముందుకొచ్చినాడు. వానికి ఇల్లుంది, పాట ఉంది, కులముంది, ఏంటికి కత్తి పట్టినాడో కారణముంది, ఆ కత్తి చివరికి ఎవరికి పనికొచ్చిందో లెక్క ఉంది. తమిళంలో పా. రంజిత్ ‘మద్రాస్’ 2014లో ఒక గోడ కోసం చచ్చే మన పిల్లోళ్ల కథ చెప్పింది. ‘శివ’ నేర్పిన కెమెరా పనితనం వీళ్లకూ ఉంది. ‘శివ’ అడగని ప్రశ్న కూడా ఉంది. అంటే పనితనానికి, ప్రశ్నకు శత్రుత్వమేమీ లేదు. అడిగేవాడు ఎక్కడి నుంచి వచ్చినాడన్నదే తేడా.

మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లోళ్లకు సెల్లులోనే సినిమా. ఒకడు ఏదో నాయకుని కారు వెనక నడుస్తా తీసుకున్న వీడియోకు ‘శివ’ సంగీతం పెట్టుకున్నాడు. తిట్టలేదు. తిడితే సినిమా గెలుస్తాది. చైను సీను, భవాని సీను క్లాసులో చెప్పించినాను, బోర్డు మీద రెండు గళ్లు గీసినాను. ఒక గడిలో ఇల్లు చూపించిన పాత్రలు, ఇంకో గడిలో ఇల్లు చూపించని పాత్రలు. రెండో గడి నిండిపోయింది. ఒకమ్మాయి లేచి, "సార్, వాళ్లకు కూడా అమ్మ ఉంటాది గదా సార్, ఆయమ్మ ఏమనుకుంటాది?" అనింది. వీడియో తీసుకున్న పిల్లోడు తల దించుకోలేదు, ఆలోచన చేస్తా కూర్చున్నాడు. నాకు అది చాలు. వాళ్లన్న కియా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోతాడు. పని లేని నెలల్లో మా మండలంలో పిల్లోళ్లను పిలిచేది ఇంకా ఆ జీపులే, ఇప్పుడు బండి మారింది, అంతే.

ఉద్యమంలో ఉన్న మిత్రులకు, విద్యార్థులకు నేను చెప్పేది ఇది. మనం పాట రాసుకున్నాం, కవిత్వం రాసుకున్నాం, మన కథ మనం చెప్పుకుంటాండాం. సినిమా మీద మాత్రం వాళ్లు రాసిందే చదువుతాండాం. కెమెరా ఎట్ల తిరిగింది, రీమేకు ఎన్ని భాషల్లో అయింది అనే లెక్కలు వాళ్లు రాస్తారు. ఎవని ఇల్లు చూపించలేదు, ఎవని చావుకు ఏడుపు పెట్టలేదు అనే లెక్క మనమే రాయల్ల. ఇది తెర దగ్గరే ఆగే పని కూడా కాదు. సీమలో ఎక్కడన్నా హత్య జరిగి నిజనిర్ధారణకు పోయినప్పుడు, ఇద్దరు పెద్దోళ్ల పగ చరిత్ర నాలుగు పేజీలు రాసి, మిగతావాళ్లను "అనుచరులు" అనే ఒక్క మాటలో ముగించకండి. వాళ్ల గేరికి పోండి. వాళ్ల ఇంటి పేరు, కులం, అప్పెంత, కేసులెన్ని, ఇంట్లో మిగిలిందెవరు అని అడిగి రాయండి. అనుచరుడనేది ఒక మనిషి పేరు కాదు.